మాదకద్రవ్య పరీక్షల ఫోరెన్సిక్ ప్రయోగశాలలో నాణ్యతా హామీ, ప్రావీణ్య పరీక్షలు: ఎలా నిర్వహించాలి

ఒక వ్యక్తి మూత్రంలోనో రక్తంలోనో మాదకద్రవ్యం ఉందని ఫోరెన్సిక్ ప్రయోగశాల రాసిచ్చే ఒక్క వాక్యం మీద అతని ఉద్యోగం, పిల్లల సంరక్షణ హక్కు, కొన్నిసార్లు స్వేచ్ఛ కూడా ఆధారపడి ఉంటాయి. ఆ వాక్యం రాసే అధికారం మీ చేతిలో ఉన్నప్పుడు, అది నిజమని మీకెలా తెలుసని అడిగినవారికి కాగితం మీద చూపగలిగే జవాబు కూడా మీ దగ్గర ఉండాలి. నాణ్యతా విభాగం బాధ్యత కొత్తగా తీసుకున్నవారు ఆ జవాబును ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా మూడు మాటల మధ్య తేడాను స్పష్టం చేసుకోండి. నాణ్యతా నియంత్రణ అంటే ప్రతి బ్యాచ్‌లో, అంటే ఒకేసారి కలిపి పరీక్షించే నమూనాల గుంపులో, విలువ ముందే తెలిసిన నమూనాలను, అంటే కంట్రోళ్లను, నడిపి, ఆ రోజు పరికరం, రసాయనాలు, చేతి పని సక్రమంగా ఉన్నాయో లేదో చూసుకోవడం. నాణ్యతా హామీ దానికంటే విశాలమైనది. సిబ్బంది శిక్షణ, పద్ధతుల ధ్రువీకరణ, రికార్డులు, ఆడిట్లు, దిద్దుబాటు చర్యలు అన్నీ దాని కిందికి వస్తాయి. ప్రావీణ్య పరీక్ష, అంటే ప్రయోగశాలల్లో అందరూ పీటీ అని పిలుచుకునేది, బయటి సంస్థ జవాబు చెప్పకుండా ఒక నమూనాను పంపి, మీరు ఇచ్చిన ఫలితాన్ని అసలు విలువతోను ఇతర ప్రయోగశాలల ఫలితాలతోను పోల్చే ఏర్పాటు. మీ సొంత కంట్రోళ్లు నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య వచ్చిన మార్పును పట్టుకుంటాయి గాని, మొదటి రోజు నుంచే మీతో ఉన్న తప్పును పట్టుకోలేవు. ఆ పనికి పీటీ కావాలి. అందుకే దాన్ని గట్టెక్కవలసిన పరీక్షగా కాక, మీ రోజువారీ పనిని ఉన్నదున్నట్టు చూపే అద్దంగా వాడుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఈ మార్గదర్శినిలో చెప్పే చాలా విషయాలకు మూలం అదే.

పరిధిని కాగితం మీద పెట్టండి

మీ ప్రయోగశాల ఏ రకం నమూనాలో, ఏ పదార్థాన్ని, ఏ పద్ధతితో, ఏ గాఢత పరిధిలో పరీక్షిస్తుందో ఒక పట్టికగా రాయండి. మూత్రం, రక్తం, లాలాజలం, వెంట్రుకలు, స్వాధీనం చేసుకున్న పొడులు, మాత్రలు, మొక్కల భాగాలు ఒక్కొక్కటి వేరే వరుసలో ఉండాలి. ఎందుకంటే మూత్రంలో బెంజోయిల్ ఎక్గొనిన్‌ను (కొకైన్ విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థం) చక్కగా కొలిచే ప్రయోగశాల వెంట్రుకల్లో కొకైన్‌ను కూడా అంతే బాగా కొలుస్తుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ప్రతి వరుస ఎదురుగా ఆ పద్ధతి ధ్రువీకరణ నివేదిక సంఖ్యను, కటాఫ్‌ను (ఏ గాఢత నుంచి పాజిటివ్‌గా పరిగణిస్తారో ఆ హద్దు), కొలవగల కనిష్ఠ స్థాయిని, కొలత అనిశ్చితిని రాసి, చివరి గడిలో ఆ వరుసను ఏ పీటీ పథకం ఏడాదికి ఎన్నిసార్లు పరీక్షిస్తుందో నమోదు చేయండి. ఆ గడి ఖాళీగా మిగిలిన వరుసలే మీకు అసలైన పని చూపిస్తాయి.

ఈ పట్టిక మీ సొంత సౌకర్యం కోసం మాత్రమే కాదు. పరీక్షా ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025, దాని 2017 కూర్పులోని 7.7వ విభాగంలో, ఫలితాల చెల్లుబాటును లోపలి నియంత్రణలతోనే కాక ఇతర ప్రయోగశాలలతో పోలిక ద్వారా కూడా పర్యవేక్షించాలని, ఆ పర్యవేక్షణ ముందే వేసుకున్న ప్రణాళిక ప్రకారం జరగాలని కోరుతుంది. తగిన పీటీ పథకం దొరకని పదార్థాల విషయంలో అదే పద్ధతి నడిపే మరో ప్రయోగశాలతో నమూనాలు పంచుకొని ఫలితాలు పోల్చుకోవచ్చు. ఇద్దరూ ఒకే తప్పు చేసే అవకాశం ఉన్నందున ఈ పోలిక పీటీ అంత బలమైనది కాదు, అయినా ఖాళీ గడి కంటే నయం.

స్వాధీనం చేసుకున్న పదార్థాలను పరీక్షించేవారు ఈ దశలోనే ఏ సాంకేతికతల కలయికతో గుర్తింపు నిర్ధారిస్తారో తేల్చుకోవాలి. 1997లో ఏర్పడిన ఎస్‌డబ్ల్యూజీ డ్రగ్ అనే శాస్త్రీయ కార్యవర్గం సాంకేతికతలను మూడు తరగతులుగా విభజించింది: మాస్ స్పెక్ట్రోమెట్రీ, ఇన్‌ఫ్రారెడ్ వంటివి మొదటి తరగతి, క్రొమటోగ్రఫీ పద్ధతులు రెండవది, రంగు పరీక్షల వంటివి మూడవది. మొదటి తరగతి సాంకేతికత వాడినప్పుడు కూడా దానికి తోడుగా కనీసం మరొకటి ఉండాలి. రంగు మారినంత మాత్రాన పదార్థం పేరు నివేదికలోకి ఎక్కకూడదు.

నమూనా అందుకున్న క్షణం నుంచి

విశ్లేషణ ఎంత గొప్పగా చేసినా సీసా ఎవరిదో తెలియకపోతే ఫలితానికి విలువ లేదు. ముద్ర చెక్కుచెదరకుండా ఉందా, సీసా మీది గుర్తింపు సంఖ్య, పత్రం మీది సంఖ్య సరిపోతున్నాయా అన్నవి ముద్ర తెరవకముందే చూసి, తేదీ, సమయం, సంతకంతో నమోదు చేయండి. నమూనా చేతులు మారిన ప్రతిసారీ చైన్ ఆఫ్ కస్టడీ రికార్డులో ఒక వరుస చేరాలి. అసలు సీసాకు ఒక రికార్డు, పరీక్ష కోసం అందులోంచి తీసిన ప్రతి భాగానికీ మరో రికార్డు ఉండాలి.

మూత్ర నమూనాల విషయంలో అది అసలు మూత్రమేనా, నీళ్లు కలిసిందా, రసాయనం కలిపారా అన్నది కూడా పరీక్షించాలి. క్రియాటినిన్ డెసీలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉండి, విశిష్ట గురుత్వం కూడా పరిమితి కంటే తగ్గితే నమూనా పలచబడినట్టు పరిగణిస్తారు. క్రియాటినిన్‌తో పాటు పీహెచ్, నైట్రైట్ వంటి ఆక్సీకరణ పదార్థాలు కూడా చూడాలి. ఈ పరీక్షలకూ కంట్రోళ్లు, పీటీ ఉండాలన్న సంగతిని చాలామంది మరచిపోతారు. ఔషధాల పరీక్షకు ఇచ్చిన శ్రద్ధలో సగం కూడా వీటికి దక్కదు.

ప్రతి బ్యాచ్‌లో కంట్రోళ్లు

బ్యాచ్ ఎలా కూర్చాలో ఎస్‌ఓపీలో, అంటే లిఖిత పని విధానంలో, అంకెలతో సహా రాయండి. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల కోసం 1988లో తొలిసారి వెలువడిన తప్పనిసరి మార్గదర్శకాలు ఇందుకు మంచి నమూనా. వాటి ప్రకారం ప్రాథమిక పరీక్ష బ్యాచ్‌లో కనీసం 10 శాతం కంట్రోళ్లు ఉండాలి. వాటిలో ఔషధం అసలు లేనిది ఒకటి, కటాఫ్‌కు 25 శాతం పైన ఉన్నది ఒకటి, కటాఫ్‌లో 75 శాతం దగ్గర ఉన్నది ఒకటి తప్పనిసరి. కటాఫ్‌కు అటూ ఇటూ అంత దగ్గరగా కంట్రోళ్లు పెట్టడంలోని ఉద్దేశం సూటిగా ఉంటుంది. తప్పు జరిగితే మనిషికి హాని చేసే చోటు కటాఫే కాబట్టి పద్ధతి సామర్థ్యాన్ని కూడా అక్కడే పరీక్షించాలి. గాఢత పదింతలు ఉన్న కంట్రోలు ఎప్పుడూ పాజిటివ్‌గానే వస్తుంది, దాని వల్ల మీకు తెలిసేదేమీ ఉండదు.

కంట్రోళ్ల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం వేరే మూలం. క్యాలిబ్రేటర్లను, అంటే పరికరం కొలమానాన్ని సరిచేసే తెలిసిన గాఢతల ద్రావణాలను, ఏ స్టాక్ (మూల) ద్రావణం నుంచి చేశారో కంట్రోళ్లను కూడా అదే ద్రావణం నుంచి చేస్తే, ఆ స్టాక్‌లోని తప్పు రెండింటిలోనూ సమానంగా ఉండి, గ్రాఫు మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కంట్రోళ్లను వేరే తయారీదారు పదార్థంతో, అది దొరకకపోతే వేరే లాట్‌తో, వీలైతే వేరే వ్యక్తి చేత తయారు చేయించండి. దీనికి చక్కని ఉదాహరణ ఒకటి ఉంది, చివరి విభాగంలో దాని దగ్గరికి వస్తాను.

రెండో నియమం, కంట్రోలు నిజమైన నమూనాలోని రూపంలో ఉండాలి. మార్ఫిన్, అలాగే గంజాయి జీవక్రియలో ఏర్పడే కార్బాక్సీ టీహెచ్‌సీ, మూత్రంలో ఎక్కువ భాగం గ్లూకురోనైడ్ రూపంలో, అంటే శరీరం అతికించిన ఒక చక్కెర ఆమ్లంతో బంధించబడి ఉంటాయి. విశ్లేషణకు ముందు, సాధారణంగా ఎంజైముతో చేసే జలవిశ్లేషణతో వాటిని విడదీయాలి. కంట్రోలులో విడి మార్ఫిన్ మాత్రమే ఉంటే, ఎంజైము పూర్తిగా పాడైపోయిన రోజున కూడా ఆ కంట్రోలు చక్కగా వస్తుంది, కేసు నమూనాలు మాత్రం నెగటివ్‌గా పోతాయి. ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం ఒక గ్లూకురోనైడ్ కంట్రోలును పెట్టండి.

కంట్రోళ్ల విలువలను లీవీ-జెనింగ్స్ చార్టు (సగటు, ప్రామాణిక విచలనాల గీతలున్న గ్రాఫు) మీద ప్రతిరోజూ గుర్తించి, తిరస్కరణ నియమాలను ముందే రాసి పెట్టుకోండి. రెండు ప్రామాణిక విచలనాలు దాటిన ప్రతి బ్యాచ్‌నూ తిరస్కరిస్తే, రెండు కంట్రోళ్లున్న బ్యాచ్‌లో ఏ తప్పూ లేకపోయినా సుమారు 9 శాతం సార్లు పని వృథా అవుతుంది. అందుకే ఒక విలువ మూడు విచలనాలు దాటినా, వరుసగా రెండు విలువలు ఒకే వైపు రెండు విచలనాలు దాటినా, వరుసగా పది విలువలు సగటుకు ఒకే వైపు పడినా చర్య తీసుకోవాలనే వెస్ట్‌గార్డ్ తరహా నియమాలు మేలు. కంట్రోలు తప్పినప్పుడు దాన్నే మళ్లీ నడిపి, ఈసారి సరిగా వచ్చిందని ముందుకు సాగే అలవాటును మాత్రం మొదటి రోజే ఆపించండి. కారణం రాయకుండా చేసిన పునఃపరీక్ష సాక్ష్యాన్ని తుడిచివేయడంతో సమానం.

నిర్ధారణ పరీక్ష

ప్రాథమిక పరీక్షగా వాడే ఇమ్యునోఅస్సేతో (ప్రతిరక్షకాల ఆధారంగా చేసే పరీక్ష) వచ్చిన పాజిటివ్ ఫలితం ఒక అనుమానం మాత్రమే. నిర్ధారణను అసలు సీసా నుంచి కొత్తగా తీసిన భాగంతో, వేరే సూత్రం మీద పనిచేసే జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ) లేదా ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (లిక్విడ్ క్రొమటోగ్రఫీతో చేసేది) వంటి పద్ధతితో చేయాలి. ఈ నియమాన్ని పక్కన పెడితే ఏమవుతుందో టొరంటోలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాల ఉదంతం చూపింది. 2005 నుంచి 2015 వరకు అక్కడ చేసిన వెంట్రుకల పరీక్షలు పిల్లల సంరక్షణ, క్రిమినల్ కేసుల్లో వాడదగినవి కావని 2015 డిసెంబరులో వెలువడిన స్వతంత్ర సమీక్ష తేల్చింది; అందులో తొలి సంవత్సరాల ఫలితాలు నిర్ధారణ లేని ప్రాథమిక పరీక్షల మీదే ఆధారపడ్డాయి. తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరు చేసిన కేసుల్లో ఆ ఫలితాలు సాక్ష్యంగా నిలిచాయి.

నిర్ధారణ పద్ధతిలో మూడు విషయాలను బ్యాచ్ సమీక్షలో తప్పక చూడండి. అయాన్ల నిష్పత్తి (పదార్థం విరిగి ఏర్పడే అయాన్ల సంకేతాల మధ్య నిష్పత్తి) క్యాలిబ్రేటర్ నిష్పత్తికి నిర్దేశించిన పరిమితిలో, జీసీ-ఎంఎస్‌లో సాధారణంగా ప్లస్ లేదా మైనస్ 20 శాతం లోపల, ఉందా అన్నది మొదటిది. పోలిక కోసం ప్రతి నమూనాలోనూ సమానంగా కలిపే, డ్యుటీరియం (భార హైడ్రోజన్) ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ సంకేతం బ్యాచ్ మొత్తంలో నిలకడగా ఉందా అన్నది రెండవది. ఒక్క సీసాలో అది సగానికి పడిపోతే వెలికితీతలోనో అయనీకరణలోనో ఏదో జరిగింది. క్యారీఓవర్, అంటే ముందు నమూనా అవశేషం తరువాతి నమూనాలోకి రావడం, మూడవది. అత్యధిక గాఢత గల నమూనా తరువాత నడిచిన పాజిటివ్ నమూనాను, మధ్యలో ఖాళీ ద్రావణం నడిపి, మళ్లీ పరీక్షించకుండా విడుదల చేయకండి.

పద్ధతి తనంతట తానే మాదకద్రవ్యాన్ని పుట్టించిన సందర్భం కూడా చరిత్రలో ఉంది. 1990 ప్రాంతంలో అమెరికాలో కొన్ని నమూనాల్లో మెథాంఫెటమైన్ ఉన్నట్టు ఫలితాలు వచ్చాయి. జలుబు మందుల్లోని సూడోఎఫెడ్రిన్, ఎఫెడ్రిన్ అధిక గాఢతలో ఉన్నప్పుడు జీసీ ఇంజెక్షన్ పోర్టు వేడికి వాటి ఉత్పన్నాల్లో కొద్ది భాగం మెథాంఫెటమైన్‌గా మారుతోందని తరువాత తేలింది. దానితో, మెథాంఫెటమైన్ జీవక్రియా ఉత్పత్తి అయిన ఆంఫెటమైన్ కూడా నిర్ణీత స్థాయిలో కనిపిస్తేనే పాజిటివ్‌గా నివేదించాలన్న నియమం వచ్చింది. ఈ ఉదంతం నుంచి మీరు తీసుకోవలసిన చర్య ఒకటుంది: కోరిన పదార్థం లేకుండా, దాన్ని పోలిన పదార్థం మాత్రం చాలా ఎక్కువ గాఢతలో ఉన్న నెగటివ్ కంట్రోలును పద్ధతి ధ్రువీకరణలోను, ఆ తరువాత అప్పుడప్పుడు బ్యాచ్‌లలోను నడపండి.

పీటీ పథకాన్ని ఎంచుకోవడం

పీటీ నిర్వహించే సంస్థల సామర్థ్యానికి ఐఎస్ఓ/ఐఈసీ 17043 అనే ప్రమాణం ఉంది. దాని కింద గుర్తింపు పొందిన నిర్వాహకులను ముందుగా చూడండి. ధర కంటే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మీ కేసుల్లో వచ్చే రకం నమూనానే వాళ్లు పంపుతారా? మీ కటాఫ్‌కు దగ్గరి గాఢతలు, పూర్తిగా నెగటివ్ నమూనాలు, తికమక పెట్టే పోలిక పదార్థాలు వాళ్ల నమూనాల్లో ఉంటాయా? మీ పద్ధతిని వాడే ప్రయోగశాలలు అందులో తగినన్ని పాల్గొంటున్నాయా? మీరు మూత్రంలో కార్బాక్సీ టీహెచ్‌సీని మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల కటాఫ్ దగ్గర నిర్ధారిస్తుంటే, ఎప్పుడూ 100 నానోగ్రాముల నమూనాలే పంపే పథకం మీకు పెద్దగా ఉపయోగపడదు.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల నివారణ కార్యాలయం అంతర్జాతీయ సహకార పరీక్షల పేరుతో స్వాధీనం చేసుకున్న పదార్థాలకు, జీవ నమూనాలకు వేర్వేరు విడతలు నిర్వహిస్తోంది. ఎన్నో దేశాల ప్రయోగశాలలు వాటిలో పాల్గొంటున్నాయి కాబట్టి మీ ప్రణాళికలో దానికి చోటు కల్పించే వీలును పరిశీలించండి.

నమూనా తయారీ గురించి కూడా నిర్వాహకులను అడగండి. ఔషధాన్ని బయటి నుంచి కలిపిన వెంట్రుకలు, నిజంగా ఔషధం వాడిన వ్యక్తి వెంట్రుకలు ఒకటి కావు; మొదటి రకంతో మీ వెలికితీత దశకు నిజమైన పరీక్ష జరగదు. కొకైన్ క్షార స్వభావమున్న మూత్రంలో బెంజోయిల్ ఎక్గొనిన్‌గా విచ్ఛిన్నమవుతుంది కనుక రవాణాలో ఉష్ణోగ్రత ఎలా కాపాడుతున్నారో తెలుసుకోవాలి. కార్బాక్సీ టీహెచ్‌సీ ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది కనుక ఏ సీసాలో పంపుతున్నారన్నదీ ముఖ్యమే.

పీటీ నమూనాను కేసు నమూనాలాగే నడిపించండి

ఇక్కడే ఎక్కువ ప్రయోగశాలలు దారి తప్పుతాయి. నేను చూసిన ఒకచోట పీటీ పెట్టె రాగానే పరికరాన్ని శుభ్రం చేసి, కొత్త కాలమ్ పెట్టి, అందరిలోకీ అనుభవమున్న విశ్లేషకునికి అప్పగించి, ఒక్కొక్క నమూనాను నాలుగుసార్లు నడిపి సగటు పంపేవారు. స్కోర్లు ఎప్పుడూ అద్భుతంగా ఉండేవి. ఆ స్కోర్లు వర్ణిస్తున్నది ఏడాదికి నాలుగు రోజులు మాత్రమే పనిచేసే ఒక ప్రయోగశాలను. మిగిలిన రోజుల్లో కేసులు పరీక్షించే ప్రయోగశాల గురించి వాటిలో ఒక్క ముక్క సమాచారం లేదు. అది ఎవరూ దురుద్దేశంతో చేసిన పని కాదు, తక్కువ స్కోరు వస్తే శిక్ష పడుతుందన్న భయంతో చేసినది. కాబట్టి మొదట మీరు మార్చవలసింది ఆ భయాన్ని. పీటీలో వచ్చిన తప్పుకు వ్యక్తిని శిక్షించబోమని, దాన్ని దాచినందుకు మాత్రం చర్య ఉంటుందని లిఖితపూర్వకంగా ప్రకటించండి.

ఆ తరువాత ఈ క్రమాన్ని పాటించండి. పీటీ నమూనాకు మామూలు కేసు సంఖ్య కేటాయించి, రిజిస్టరులో మామూలు వరుసలోనే నమోదు చేయించండి. దాని వంతు వచ్చిన రోజున, ఆ రోజు విధుల్లో ఉన్న విశ్లేషకునికే అందేలా చూడండి. ఏడాదిలో కేసులు చేసే ప్రతి ఒక్కరికీ కనీసం ఒక నమూనా అందేటట్లు జాబితా ఉంచండి. కేసు నమూనాను ఒకసారి కొలిచి నివేదిస్తే దీన్ని కూడా ఒక్కసారే కొలవాలి. కేసు నమూనాకు రెండు కొలతలు తీసుకునే పద్ధతి ఉంటే దీనికీ రెండే. ప్రాథమిక పరీక్షలో నెగటివ్ వచ్చిన కేసు నమూనాను మీరు నిర్ధారణకు పంపరు గనుక, పీటీ నమూనాను కూడా పంపకండి. సమీక్ష, రెండో సంతకం, నివేదిక విడుదల మామూలు మార్గంలోనే సాగాలి.

ఫలితాల గడువు ముగిసేదాకా మరో ప్రయోగశాలతో విలువల గురించి మాట్లాడకూడదన్న నియమం ప్రతి విశ్లేషకునికి తెలిసి ఉండాలి. నిర్వాహకుల పోర్టల్‌లో ఫలితం నమోదు చేసేటప్పుడు ప్రమాణాలు, దశాంశ స్థానాలు మరో వ్యక్తి చేత సరిచూపించండి. మిల్లీలీటరుకు నానోగ్రాములను లీటరుకు మైక్రోగ్రాములుగా రాస్తే అంకె మారదు గాని, డెసీలీటరుగా రాస్తే వందరెట్లు తేడా వస్తుంది. గుమస్తా పొరపాటు అని కొట్టిపారేయవద్దు. అదే వేలు రేపు కేసు నివేదికను కూడా టైపు చేస్తుంది.

స్కోరును చదవడం

సంఖ్యాత్మక ఫలితాలకు ఎక్కువగా జెడ్-స్కోరు ఇస్తారు. మీ విలువ నుంచి నిర్దేశిత విలువను తీసివేసి, నిర్వాహకులు నిర్ణయించిన ప్రామాణిక విచలనంతో భాగిస్తే అది వస్తుంది. గుర్తును పట్టించుకోకుండా చూస్తే, 2 లోపల ఉంటే సంతృప్తికరం, 2కు 3కు మధ్య ఉంటే సందేహాస్పదం, 3 లేదా అంతకు మించితే అసంతృప్తికరం. నిర్దేశిత విలువ మిల్లీలీటరుకు 40 నానోగ్రాములు, విచలనం 4, మీ ఫలితం 49 అయితే స్కోరు ప్లస్ 2.25.

స్కోరు కంటే ముందు నిర్దేశిత విలువ ఎలా వచ్చిందో నివేదికలో చదవండి. కలిపిన పరిమాణం ఆధారంగా వచ్చిందా, పాల్గొన్నవారి సగటు నుంచి వచ్చిందా? ఏడెనిమిది ప్రయోగశాలలు మాత్రమే పాల్గొన్న విడతలో సగటే నమ్మదగినది కాకపోవచ్చు. పీటీ గణాంకాలకు సంబంధించిన ఐఎస్ఓ 13528 ప్రకారం నిర్దేశిత విలువ అనిశ్చితి, స్కోరు లెక్కకు వాడిన విచలనంలో 0.3 వంతు కంటే తక్కువగా ఉంటే దాన్ని పట్టించుకోనక్కరలేదు, అంతకు మించితే లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతి విడతనూ విడిగా చూసి ఫైలు మూసేయడం పెద్ద నష్టం. ఒక పదార్థానికి వరుసగా నాలుగు విడతల్లో మీకు ప్లస్ 1.5, 1.7, 1.6, 1.8 వచ్చాయనుకోండి. నాలుగూ సంతృప్తికరమే, నాలుగు ధ్రువపత్రాలూ గోడకు ఎక్కుతాయి. కాని వాటి మొత్తం 6.6ను విడతల సంఖ్య వర్గమూలమైన 2తో భాగిస్తే 3.3 వస్తుంది, యాదృచ్ఛికంగా ఇలా జరగడం చాలా అరుదు. మీ పద్ధతి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తోందని అర్థం. ప్రతి పదార్థానికీ కాలక్రమంలో స్కోర్లు చూపే చార్టు ఒకటి ఉంచండి.

గుణాత్మక ఫలితాల్లో తప్పుడు పాజిటివ్‌ను, తప్పుడు నెగటివ్‌ను ఒకే గాటన కట్టకండి. లేని ఔషధాన్ని ఉందని చెప్పడం ఎంత తీవ్రమైనదంటే, పైన చెప్పిన అమెరికా ఫెడరల్ కార్యక్రమంలో దానికి ప్రయోగశాల గుర్తింపే ప్రమాదంలో పడవచ్చు. ఒక్క తప్పుడు పాజిటివ్ వచ్చినా ఆ పదార్థం నివేదికలను వెంటనే ఆపి, కారణం తేలాకే మళ్లీ మొదలుపెట్టండి.

చెప్పకుండా పంపే నమూనాలు

పీటీ అని తెలిసినప్పుడు మనిషి కొంచెం ఎక్కువ జాగ్రత్త పడతాడు. ఎంత చెప్పినా అది పూర్తిగా పోదు. అందుకు విరుగుడు, విశ్లేషకునికి తెలియకుండా కేసుల మధ్య నమూనాను ప్రవేశపెట్టడం. హ్యూస్టన్ ఫోరెన్సిక్ సైన్స్ సెంటర్ 2015లో ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టి, ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో ఇది ఆచరణ సాధ్యమేనని చూపింది.

దీనికి నమూనాలు పంపే సంస్థలో ఒకరిద్దరి సహకారం కావాలి. సీసా, ముద్ర, పత్రం, చేతిరాత, కేసు సంఖ్య క్రమం అన్నీ నిజమైనవాటిలా ఉండాలి. కొత్త రకం లేబులు కనిపిస్తే విశ్లేషకుడు ఇట్టే పసిగడతాడు. ఏ సంఖ్య కల్పితమో తెలిసిన జాబితా ప్రయోగశాల సాంకేతిక విభాగానికి బయట, నాణ్యతా విభాగంలో ఇద్దరి దగ్గర మాత్రమే ఉండాలి. నెలకు ఒకటితో మొదలుపెట్టి, గుర్తుపట్టామని సిబ్బంది చెప్పిన ప్రతిసారీ ఎలా గుర్తుపట్టారో రాసుకొని ఆ లోపాన్ని సరిచేయండి. ఈ పద్ధతి విశ్లేషణను మాత్రమే కాక స్వీకరణ నుంచి నివేదిక దాకా మొత్తం మార్గాన్ని పరీక్షిస్తుంది. పరీక్షించకుండానే ఫలితం రాసే మోసాన్ని బయటపెట్టే అవకాశం కూడా దీనికే ఎక్కువ. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక విశ్లేషకురాలు అలా చేసినందువల్ల 2017లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 21 వేలకు పైగా కేసులను కొట్టివేయవలసి వచ్చింది. ఆమె చేసే నమూనాల సంఖ్య సహోద్యోగుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండడం అంతకు ముందే కనిపిస్తూ ఉంది. ఒక్కొక్కరి పని పరిమాణాన్ని నెలనెలా చూడడం కూడా నాణ్యతా విభాగం విధే.

ఫలితం తప్పినప్పుడు

స్కోరు 2 దాటిన రోజే దిద్దుబాటు ఫైలు తెరవండి. విశ్లేషకునికి మళ్లీ శిక్షణ ఇచ్చామని రాసి మూసేసిన ఫైలు దాదాపు ఎప్పుడూ అసలు కారణాన్ని కనుక్కోనిదే. మిగిలిన పీటీ నమూనాను, ఆ బ్యాచ్ ముడి డేటాను, రసాయనాల లాట్ సంఖ్యలను భద్రపరచి, నివేదిక నుంచి వెనక్కి నడవండి: అంకె సరిగా ఎక్కిందా, గ్రాఫు మీద పీకు (సంకేత శిఖరం) హద్దులు సరిగా గీశారా, క్యాలిబ్రేషన్ రేఖ ఎలా ఉంది, ఇంటర్నల్ స్టాండర్డ్ ఎంత వేశారు, పిపెట్ చివరిసారి ఎప్పుడు సరిచూశారు, స్టాక్ ద్రావణం ఎవరు ఎలా చేశారు.

ఇందాక వాయిదా వేసిన ఉదాహరణ ఇప్పుడు చూద్దాం. నిర్దేశిత విలువ మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు, విచలనం 50 ఉన్న మెథాంఫెటమైన్ నమూనాకు మీరు 622 నివేదించారనుకోండి. స్కోరు ప్లస్ 2.44, అంటే సందేహాస్పదం మాత్రమే. కంట్రోళ్లన్నీ సరిగానే ఉన్నాయి. అయితే 622ను 500తో భాగిస్తే 1.244 వస్తుంది, అది కంటపడగానే అనుభవజ్ఞుడు స్టాక్ రిజిస్టరు అడుగుతాడు. మెథాంఫెటమైన్ హైడ్రోక్లోరైడ్ లవణం అణుభారం 185.7, విడి క్షారం అణుభారం 149.2, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది దాదాపు అదే అంకె. ఎవరో లవణాన్ని తూచి, దాన్ని క్షారంగా లెక్కవేసి సీసా మీద గాఢత రాశారు. క్యాలిబ్రేటర్లలో ఉండవలసిన దానిలో 80 శాతమే ఉంది, అందువల్ల ప్రతి నమూనా 24 శాతం ఎక్కువ చూపించింది. కంట్రోళ్లను కూడా అదే స్టాక్ నుంచి చేయడం వల్ల అవి మౌనంగా ఉండిపోయాయి.

స్టాక్ మార్చి, పీటీ నమూనాను మళ్లీ నడిపి 500 దగ్గరికి వచ్చిందని చూపడంతో పని సగమే అయింది. ఆ స్టాక్ వాడడం మొదలైన తేదీ నుంచి ఇవాళ్టిదాకా విడుదలైన ప్రతి మెథాంఫెటమైన్ ఫలితాన్నీ బయటికి తీయండి. మీ నిర్ధారణ కటాఫ్ 250 నానోగ్రాములు అయితే, 250కు 311కు మధ్య పాజిటివ్‌గా నివేదించిన ప్రతి వ్యక్తి నమూనాలో అసలు గాఢత కటాఫ్ కంటే తక్కువగా ఉండి ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే 311ని 1.244తో భాగిస్తే 250 వస్తుంది. కొలత అనిశ్చితి కోసం ఆ పై హద్దును ఇంకొంచెం పెంచి, దానిలో పడిన కేసులన్నిటి జాబితా చేయండి. భద్రపరచిన నమూనాలు ఉంటే కొత్త స్టాక్‌తో మళ్లీ పరీక్షించండి. లేకపోతే ముడి డేటాను సరైన గాఢతతో తిరిగి లెక్కించండి.

ఆ జాబితాను ప్రయోగశాల గోడల మధ్య ఉంచుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. పరీక్ష కోరిన సంస్థలకు, కేసు కోర్టులో ఉంటే ఇరుపక్షాలకూ అందేలా, ఏమి జరిగింది, ఏ తేదీల మధ్య జరిగింది, ఏ ఫలితాలు మారాయి అన్నది లిఖితపూర్వకంగా తెలియజేయండి. సవరించిన నివేదికలో పాత సంఖ్య, కొత్త సంఖ్య, మార్పుకు కారణం మూడూ కనిపించాలి. పాత నివేదికను ఫైలు నుంచి తీసివేయకూడదు. ఆ తరువాత స్టాక్ ద్రావణాల రిజిస్టరులో తూచిన పదార్థం లవణమా క్షారమా అన్న గడిని, అణుభారాల నిష్పత్తి లెక్కను సరిచూసిన రెండో వ్యక్తి సంతకానికి మరో గడిని చేర్చి, కంట్రోళ్లకు వేరే మూలం నుంచి పదార్థం తెప్పించండి. మూడు నెలల తరువాత ఆ రిజిస్టరు తెరిచి, రెండు గడులూ ప్రతి వరుసలోనూ నిండి ఉన్నాయని మీరే స్వయంగా చూసి, వచ్చే పీటీ విడతలో ఆ పదార్థం స్కోరు కూడా చేతికి అందాకే ఫైలు మూసివేయండి.